బుధవారం పళ్ళ డాక్టరుగారు

ఇందుమూలంగా మన ఊరి తెలుగువారందరికీ తెలియజేయడమేమనగా, ఈ శనివారం మా బేస్‌మెంట్‌లో జరగవలసిన పేకాట రద్దు చేయడమైనది. పోయిన పాట్‌లక్‌లో పులిహోర తెచ్చిన గిన్నె ఒకటి, మూత లేకుండా, మా ఇంట్లో దిక్కులేకుండా పడి ఉన్నది. సొంతదారులు వచ్చి ఆనవాళ్ళు చెప్పి తీసుకుపోవలెను. పండక్కి అద్దెకు తీసుకున్న హాల్లో చెప్పులు మార్చుకుపోయిన పెద్దమనిషి, నా చెప్పులు తనకు బిగుతుగా ఉన్నాయని ఇప్పటికైనా గమనించవలెను. ఆఖరి సంగతి. మన పళ్ళ డాక్టరుగారు పోయారు.

ఆఖరిది మొదట చెప్పాల్సింది. చేతకాలేదు. అసలు విషయం దగ్గరికి రావాలంటే నేను నాలుగు వెకిలి మాటల మీదుగా నడిచి రావాలి, మీకు తెలిసిందే. ఈసారి ఆ నడకకి కూడా ఓపిక లేదు. నవ్వించడం కూడా ఒక ఉద్యోగమే. కాళ్ళు పీకుతాయి.

ఎనభై దాటిన ఇటాలియన్ ముసలాయన. మన పిల్లలు టూత్ తాత అనేవారు. బేకరీ మీది మేడలో ఆయన క్లినిక్. బేకరీ ఆయన బావమరిదిది. "కింద కేకులు తినిపించడం, పైన పళ్ళు పీకడం. బావా బావమరుదులు భలే వ్యాపారం పెట్టారు డాక్" అంటే, "ఇన్నాళ్ళకి కనిపెట్టావా, పైజాన్?" అనేవారు. పైజాన్ అంటే వాళ్ళలో సొంత ఊరివాణ్ణి పిలుచుకునే మాట. వాళ్ళ నాన్నది సిసిలీ, మాది తెనాలి పక్కన. అయినా నేను పైజాన్‌నే.

నేను డెబ్భైల చివర్లో అక్క స్పాన్సర్ చేస్తే వచ్చాను. అక్క డాక్టరు, బావ ఇంజనీరు, నేను ఇంటర్ తప్పినవాణ్ణి. మా న్యూజెర్సీలో ఎవరి కారుకి వాళ్ళు పెట్రోలు కొట్టుకోకూడదని చట్టం ఉంది కాబట్టి గ్యాస్ స్టేషన్‌లో నాకింత తిండి దొరికింది. ఆ మొదటి చలికాలం కుడి దవడ బూరెలా పొంగింది. మఫ్లర్ చుట్టుకుని పంపు దగ్గర నిలబడ్డాను. పెద్ద పాత కారొకటి వచ్చి ఆగింది. ముసలాయన అద్దం దించారు, నన్ను చూశారు, చెయ్యి బయటికి చాపి వేలు నా గడ్డం కింద పెట్టారు.

"తెరువు."

తెరిచాను. ఎందుకు తెరిచానో ఇప్పటికీ తెలియదు. కారులోకి గ్యాస్ పోతోంది, నా నోట్లోకి ఆయన టార్చి వెలుగు పోతోంది. వెనక కార్లవాళ్ళు హారన్ కొడుతున్నారు.

"ఇంత వాచేదాకా ఏం చేస్తున్నావు?"

"ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుందామనీ..."

"ఎప్పుడు వెళతావు?"

"నాలుగైదేళ్ళు పట్టచ్చు."

"ఆ సంగతి పన్నుకి చెప్పావా? బుధవారం రా."

బుధవారం మధ్యాహ్నాలు ఇన్సూరెన్స్ లేనివాళ్ళవి. ఆయన క్లినిక్ తెరిచిన నాటి నుంచీ అంతేనట. గిన్నెలు కడిగేవాళ్ళు, ఆఫీసులు ఊడ్చేవాళ్ళు, నిన్నగాక మొన్న దిగినవాళ్ళు మెట్ల మీద వరసగా కూర్చునేవారు. కింద నుంచి బ్రెడ్డు కాలే వాసన వస్తుంటే ఆ పంటి నొప్పితోనే అందరికీ ఆకలేసేది. మన డాక్టర్లూ ఇంజనీర్లూ కూడా, ఇండియా నుంచి వచ్చిన అమ్మకో నాన్నకో కట్టుడుపళ్ళు విరిగితే బుధవారమే పంపేవారు. పేర్లు రాయను. మీరే చదువుతున్నారు కదా.

ఆయనకో పాడు అలవాటు. నోట్లో దూది కుక్కి, రెండు వేళ్ళు పెట్టి, అప్పుడు పెద్దపెద్ద ప్రశ్నలు అడిగేవారు. "మీ దేవుళ్ళలో ఒకాయనకి దంతం విరిగిందటగా, నిజమేనా?" జవాబు చెప్పడానికి మనకి నోరేదీ? ఆయనే చెప్పుకునేవారు. "బుధవారం పంపించు. ఏనుగైనా సరే." ఇంకో మాట తరచూ అనేవారు. "ఈ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ రెండు పూటలా తోముతున్నాననే అంటాడు. నేను మనిషిని అడగను పైజాన్, పళ్ళని అడుగుతాను."

ఓసారి గొంతు మార్చి క్లినిక్‌కి ఫోన్ చేశాను. "అయ్యా, నా గుర్రానికి పంటి పోటు."

"తీసుకురండి. మెట్లు మాత్రం తనే ఎక్కాలి."

ఆ బుధవారం నేను వెళితే, నిండుగా ఉన్న హాల్లోకి తొంగిచూసి, "గుర్రంగారూ, లోపలికి రండి" అన్నారు. కుర్చీలో ఒక క్యారెట్ పెట్టి ఉంది.

ఆ తర్వాత నాకో కట్టుడుపళ్ళ సెట్టు చేసిచ్చారు. నల్లగా, వంకరగా, బకాసురుడికి కూడా వద్దనిపించేలా. ఏడాదికోసారి ఊళ్ళో ఉన్న స్కూళ్ళన్నీ తిరిగేవారాయన, పిల్లలకి పళ్ళు తోముకోవడం నేర్పడానికి. నేను తలుపు చాటు నుంచి ఆ పళ్ళతో ఇకిలిస్తూ దూకేవాణ్ణి. పిల్లలు గోలగోల. "ఈయన ఇండియాలోనూ తోమలేదు, అమెరికాలోనూ తోమలేదు" అని నన్ను చూపించేవారు. అమెరికాలో నన్ను పదిమంది ముందు నిలబెట్టిన పెద్దమనిషి ఆయనొక్కరే.

ఆయన కూతురూ పళ్ళ డాక్టరే. తండ్రితోపాటు అదే మేడ మీద పనిచేసేది. పోయినేడు ఒక బుధవారం నా ఎడమ దవడ పన్ను తవ్వుతుండగా డాక్ చెయ్యి వణికింది. పరికరం జారి పెదవి చీరుకుంది. పెద్ద గాయమేమీ కాదు.

"నేనే కదిలాను" అన్నాను.

"నువ్వు కదల్లేదు" అంది ఆమె. తర్వాత తండ్రి వైపు తిరిగి మెల్లగా అంది, "డాడ్, చాలు. ఇక నేను చూస్తాను."

ఆయన పరికరాలు పళ్ళెంలో పెట్టి, కోటు విప్పి, మెట్లు దిగిపోయారు. మళ్ళీ ఎక్కలేదు. కూతురితో మాట్లాడటం మానేశారు. రోజూ బేకరీలో కూర్చుని కాఫీ చల్లారబెట్టుకుంటూ మెట్ల వైపు చూసేవారు. ఆమె బుధవారాలు మానలేదు. కిందికి వచ్చినప్పుడల్లా, ఆయన దగ్గర కూర్చున్న నన్ను పక్కకి పిలిచి, "నా గురించి ఏమైనా అన్నారా?" అని అడిగేది. కాఫీ బాగుందనేవాణ్ణి. "నీ పన్ను సగంలో ఆగింది, రా, పూర్తి చేస్తాను" అంటే మాత్రం నేను వెళ్ళేవాణ్ణి కాదు. "డాక్ చేస్తారులే" అనేవాణ్ణి. సగం పన్నుతో ముసలాయన పక్షాన నిలబడ్డాననుకున్నాను. ఆమె చేసింది సబబే అని నా పెదవికి తెలుసు.

తర్వాత ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట ముద్దయిపోయింది. ఆమె ఇంట్లో పెట్టుకుని అన్నీ చేసింది. అన్నం తినిపిస్తే తినేవారు, మొహం మాత్రం గోడ వైపు. డ్యూటీ దిగి నేను గడ్డం గీయడానికి వెళ్ళేవాణ్ణి. వాళ్ళ నాన్న సిసిలీలో మంగలి, పళ్ళు కూడా పీకేవాడట. అందుకేనేమో, నేను కత్తి పట్టుకునే తీరు చూసి కళ్ళతోనే తిట్టేవారు.

పోయింది కూడా బుధవారమే. ఆమె క్లినిక్‌లో ఉంది. పరుగెత్తుకుంటూ వచ్చేసరికి నేను మంచం పక్కన సబ్బు నురగ గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఏమైనా అన్నారా?"

అన్నారని చెప్పాను. "బుధవారం గురించి నాకు దిగులు లేదు, మా అమ్మాయి చెయ్యి వణకదు" అన్నారని చెప్పాను. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. చర్చిలో ఫాదర్ కూడా ఆ మాటే చెప్పారు. బేకరీ బావమరిది వెక్కి వెక్కి ఏడ్చాడు.

అన్నీ అయిపోయాక ఆమె ఫోన్ చేసింది. "ఇక నీ పన్ను ఎవరి కోసం ఆపుతావు? రా." వెళ్ళాను. నోట్లో దూది కుక్కింది, రెండు వేళ్ళు పెట్టింది, అప్పుడు అడిగింది. ఆ తండ్రి కూతురే మరి.

"నిజంగా అలా అన్నారా?"

నోరంతా దూది. జన్మలో మొదటిసారి దూదికి దణ్ణం పెట్టుకున్నాను. ఆమె కాసేపు నా కళ్ళలోకి చూసింది. దూది తీయలేదు. లైటు దగ్గరికి లాక్కుని పని మొదలుపెట్టింది. చెయ్యి వణకలేదు.

మీకు చెబుతున్నాను. మన ఈ తెలుగు పత్రిక ఆమెకి రాదు, వచ్చినా చదవడం తెలియదు. ఆయన అనలేదు. ఆ మాట మొదటి నుంచి చివరి దాకా నేను కల్పించిందే. ఆఖరి వారం ఆయన నోట ఒక్క ముక్కా రాలేదు. ఆ మధ్యాహ్నం గీయడం అయ్యాక నురగ తుడిచాను. ఆయన వేలు మెల్లగా లేచి నా గడ్డం కింద ఆగింది. తెరిచాను. టార్చి లేదు, కిటికీ వెలుతురే. ఎడమవైపు, ఆ సగం పన్నుని చాలాసేపు చూశారు. తర్వాత వేలు తీసి కిటికీ వైపు, బేకరీ మేడ ఉన్న వీధి వైపు చూపించారు. నేను నోరు మూయడం మర్చిపోయి అటే చూస్తున్నాను. ఆ వేలు గాల్లో అలా వణుకుతూనే ఉంది.