చదవనివారి ముప్పై ఎనిమిది అభిప్రాయాలు

ఆ కాగితం మీద ఉన్న ముప్పై ఎనిమిది అనే అంకె నా చేతివ్రాతే. అది తప్పు అంకె కాదు. కూడిక మూడుసార్లు సరిచూసుకున్నాను. తప్పు అంకె అయితే దిద్దుకుని ఊరుకునేవాణ్ణి. సరైన అంకెను అడ్డం పెట్టుకుని ఒక మనిషి గదికి తాళం వేశారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మాది తమిళనాడులో కినత్తుకడవు దాటాక రోడ్డు వదిలి లోపలికి వెళ్ళే ఊరు. ఇక్కడ మా తెలుగు కుటుంబాలు నూట పన్నెండు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, బడిలో చదివింది తమిళమో ఇంగ్లీషో. అందుకని మా వాళ్ళలో చాలామంది తెలుగు అక్షరం ఎదురుపడితే గుర్తుపట్టరు. నాకూ నలభై ఆరేళ్ళు వచ్చేదాకా రాలేదు. నా పని కొబ్బరితోటల్లో కాపు అంచనా వేయడం. తోటను గుత్తకు ఇచ్చేముందు నన్ను పిలుస్తారు. పదో తరగతి దాటలేదు. లెక్క నాకెవరూ నేర్పలేదు, చెట్ల కింద మెడ పట్టేసేదాకా నిలబడి నేర్చుకున్నాను.

అక్షరాలు మాత్రం అక్క నేర్పింది. వరసకు అక్క కాదు, ఊరంతటికీ అక్క. పెళ్ళై చిత్తూరులో పన్నెండేళ్ళు ఉండి, భర్త పోయాక తిరిగి వచ్చింది. మా కల్యాణమండపంలో వంటశాల పక్కనున్న చిన్న గది అడిగి తీసుకుని, రెండు బీరువాలు, ఒక బెంచీ, ఒక నల్లబల్ల పెట్టుకుంది. ఎనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం వచ్చినవాళ్ళకు అక్షరాలు దిద్దించింది. వారంలో మిగిలిన ఆరు రోజులూ ఆమె ఆ ఆదివారానికి సిద్ధం కావడమే. ఆ గది పోతే ఆమెకు ఇంకేమీ లేదు. అది ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసే చేశారు.

నిరుడు వచ్చేవాళ్ళు తగ్గారు. కాలేజీకి వెళ్ళే ఒక అమ్మాయి మొహమాటం లేకుండా చెప్పింది.

"పెద్దమ్మా, ఇంగ ఎన్ని నాళ్ళు ఈ ఆవు, ఈ పలక? అక్షరం వచ్చె కదా. చదివేదానికి ఏమన్నా ఉండాల."

అక్క హైదరాబాదు నుంచి ఒక బొమ్మల నవల తెప్పించింది. నూట ఎనభై నాలుగు పేజీలు, అట్టంతా నలుపు. ముఖానికి తారు పూసుకుని తిరిగే ఒక మనిషి కథ. నేల లోపలి శబ్దాలు వినగలగడం అతని శక్తి. ఆ శక్తి వల్ల అతనికి సుఖం లేదు, నిద్ర లేదు. మంచివాడో కాదో కూడా చివరిదాకా తేలదు. లోపలి బొమ్మలు కూడా నలుపే, అక్కడక్కడ ఎరుపు. ఆ ఎరుపే మా వాళ్ళ కళ్ళలో పడింది.

ఎవరో మూడు పేజీలు ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో అరవై ఒకటో పేజీ ఒకటి. తారు ముఖంవాడు ఒక ముసలాయన మెడ వంచి తలను నేలకు అదిమి పట్టుకుని ఉంటాడు, పక్కన ఒక చిన్నపిల్ల చూస్తూ ఉంటుంది. రెండు రోజుల్లో ఊరికంతా ఆ పుస్తకం గురించి అభిప్రాయం ఏర్పడింది.

మండపం సంఘానికి అధ్యక్షుడు నాకు వరసకు మామ. కుర్చీలు, వంటపాత్రలు పెట్టడానికి చోటు చాలదని రెండేళ్ళుగా అంటున్నాడు. ఆయన నన్ను పిలిచి చెప్పాడు.

"ఏమప్పా, నీకు కణక్కు బాగా వచ్చు. ఆ పుస్తకం గురించి ఎవరు ఏమంటారో విచారించి ఒక కాగితంలో రాసియ్యి. నేను చెప్తే నా మాట అంటారు. నువ్వు రాస్తే కణక్కు అంటారు."

నా లెక్క గురించి అంత మంచిమాట ఎవరైనా అంటే నాకు బుద్ధి పనిచేయదు. మండపంలో మరుసటి పెళ్ళి ముహూర్తానికి నోటుబుక్కు పట్టుకుని, భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట నిలబడ్డాను.

"ఆ తారు మొగం వాడా? ముసలాయన్ని తల పగలగొట్టి చంపినాడే. చీ, అసింగం," అంది ఒక అత్త.

"బొమ్మల పుస్తకం అంటే పిల్లకాయలకు అనుకుంటిమి. చూస్తే రత్తం రత్తంగా ఉండాది."

"నాకు తెల్దప్పా. మా ఇంటామె బాగాలే అనె. నన్నూ బాగాలేలో వేసుకో."

"అయితే మీ ఇంట్లో ఒకటా, రెండా?"

"రెండు వెయ్యి. ఒకటి వేస్తే ఆమె నన్ను అడుగుతాది."

రెండు వేశాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ వేశాను.

కాలేజీ అమ్మాయి మాత్రం తడిచేతులు విదిలించుకుంటూ వేరే మాట అంది. "మామా, కథలో వాడు మంచోడు అని ఎవురూ చెప్పలే. మంచోడా అని మనల్ని అడుగుతాండారు. అడిగితే కూడా తప్పా?"

దాన్ని కూడా 'బాగుంది' గడిలో ఒక గీతగా గీసేశాను. నలభై ముగ్గురు మనుషులు. బాగాలేదు ముప్పై ఎనిమిది, బాగుంది మూడు, తెలియదు రెండు. కాగితం తీసుకెళ్ళి ఇచ్చాను. మామ చదివి నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"సరిపోయె. ఆదివారం సంఘం కూట్టంలో అందరి ముందర చదివేస్తాం. ఆ గది ఇంగ కుర్చీలకు."

"గదికీ దీనికీ ఏమి మామా?"

"పిల్లలు చెడిపోయే పుస్తకం తెచ్చిపెట్టిన గది కదా. నేనా చెప్పినాను? ఊరు చెప్పె. నువ్వు రాసిస్తివి."

ఆయన నన్ను పుస్తకం గురించి అడగమన్నాడు, గది గురించి తీర్మానించాడు. అడిగిన ప్రశ్న ఒకటి, తీర్పు ఇంకోదాని మీద. లెక్కల మనిషినని ఇన్నేళ్ళు తిరిగినవాణ్ణి, ఇది కాగితం చేయి దాటాక గాని కనిపెట్టలేకపోయాను.

నేరుగా అక్క ఇంటికి వెళ్ళి జరిగినదంతా చెప్పాను. ఆమె కేకలేస్తుందనుకున్నాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండా అడిగింది.

"నువ్వు చదివితివా ఆ పుస్తకం?"

"ఇరవై రెండో పేజీ దాకా."

"అయితే నలభై నాలుగోవాడు నువ్వే."

ఆ పూటే పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. కూడబలుక్కుంటూ చదవడానికి మూడు రోజులు పట్టింది. అరవై ఒకటో పేజీలో ఆ ముసలాయన ఎవరో తెలిసింది. అనుమతి లేకుండా తవ్వించిన బోరుగుంతలో ఒక కూలివాడు పడితే, సంగతి బయటపడుతుందని ఒక్క పూటలో మన్ను పూడ్పించినవాడు. ఆ కూలివాడు తారు ముఖంవాడి తమ్ముడు. బొమ్మలో తల అదిమిపట్టిన చోట ఉన్న మాట ఒక్కటే: 'విను'. ముసలాయన చెవిని నేలకు ఆనించి తమ్ముడి గొంతు వినమంటున్నాడు. చంపడం లేదు. తరువాతి పేజీలో ముసలాయన లేచి కూర్చుని ఉంటాడు. ఆ పేజీని ఎవరూ ఫోటో తీయలేదు.

మళ్ళీ నోటుబుక్కు తీసి ఆ నలభై ముగ్గురి ఇళ్ళకూ తిరిగాను. ఈసారి ఒకే ప్రశ్న: ఎంత చదివారు? మొత్తం చదివినవాళ్ళు ఇద్దరు. పుస్తకాన్ని చేతపట్టుకుని కాస్త తిరగేసినవాళ్ళు ఐదుగురు. మిగిలిన ముప్పై ఆరుగురు ఫోనులో ఆ మూడు పేజీలు చూసినవాళ్ళు. చదివిన ఇద్దరూ 'బాగుంది' అన్న ముగ్గురిలో ఉన్నారు. బాగాలేదన్న ముప్పై ఎనిమిది మందిలో చదివినవాళ్ళు సున్నా.

తోటలో నేనెప్పుడూ దారి పక్క చెట్లను లెక్కలోకి తీసుకోను. వాటికి ఎండా గాలీ ఎక్కువ, కాపు వేరుగా ఉంటుంది. లోపలికి వెళ్ళి, వరసకొక చెట్టును, రెండు వైపుల నుంచీ చూస్తాను. దారి పక్క మూడు చెట్లు చూసి తోట అంతటి కాపు చెప్పేవాణ్ణి మా వాళ్ళే గుమ్మం తొక్కనివ్వరు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి అదే మనుషులు నూట ఎనభై నాలుగింట మూడు పేజీలు, అదీ ఎవరో ఏరి పెట్టినవి చూసి, నిశ్చింతగా చేతులు కడుక్కుని వెళ్ళారు.

చదవగలిగిన ఊళ్ళలో ఏమంటున్నారోనని ఆ పుస్తకం అమ్మే చోట పాఠకులు రాసిన అభిప్రాయాలు కూడా ఫోనులో వెతికాను. అట్ట నలిగి వచ్చిందని ఒకరు ఐదు చుక్కలకు ఒక చుక్క ఇచ్చారు. పార్సిలు ఆలస్యమైందని ఇంకొకరూ ఒకటే. 'ఇంత చీకటి ఎందుకు, హీరో అంటే గెలవాలి' అని ఒకరు. వాటన్నిటినీ కలిపి సగటు తీసి పైన పెద్ద అక్షరాలతో పెట్టారు. అట్ట నలగడాన్నీ తమ్ముడి గొంతునూ కలిపి సగటు తీస్తే వచ్చేది ఏమిటో నాకు తెలియదు. కోపంలో కూడా ఒక్క సంగతి ఒప్పుకున్నాను. నా కాగితం అంతకంటే మెరుగైనది కాదు.

ఆదివారం పొద్దున కూట్టానికి దాదాపు వంద మంది వచ్చారు. మామ నా కాగితం చదివాడు. నేను లేచి రెండో లెక్క చదువుతానన్నాను. వద్దన్నాడు. అయితే పుస్తకమే చదువుతానన్నాను. మైకు ఆపించాడు. మైకు లేకుండానే మొదలుపెట్టాను. మా వాళ్ళకు తెలుగు చదవడం రాదు గాని వినడం వచ్చు కదా. ఎనిమిదేళ్ళలో ఎవరికీ తోచని సంగతి అది, నాకూ తోచలేదు.

మొదట నవ్వారు. "ఈ తెలుగేమిరా, రేడియోలో చెప్పినట్ల ఉండాది," అన్నాడొకడు. వెనక వరసలవాళ్ళు వినపడక కుర్చీలు ముందుకు లాక్కున్నారు. బోరు సంగతి వచ్చేసరికి నవ్వు ఆగింది. మా తోటల్లో వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఉన్నాయి. నీళ్ళు పడక వదిలేసినవాటికి మూత సరిగా ఉందో లేదో ఎవరి బోరు సంగతి వాళ్ళకు తెలుసు. 'విను' దాకా చదివి పుస్తకం మూశాను.

తరువాత మొదలైంది గొడవ. "ముసలాయన్ని పోలీసుకు పట్టియ్యాల. తల వంచేదానికి వీడెవుడు?" అని ఒకరు. "పోలీసా? బోరు వేసినప్పుడు ఆ పోలీసుకు కాపీకని దుడ్డు ఇచ్చింది ఎవురు?" అని ఇంకొకరు. "వాడికి తమ్ముడప్పా, తమ్ముడు," అని ఒకావిడ. పుస్తకం నచ్చనివాళ్ళు తగ్గలేదు, ఇంకా పెరిగి ఉంటారు. కానీ ఇప్పుడు వాళ్ళకు నచ్చనిది ఆ పుస్తకమే, ఫోనులోని ఫోటోలు కాదు.

నేను గొంతు పెంచి అడిగాను. "పుస్తకం సరి. గది మూయాలా వద్దా, చేతులు ఎత్తండి."

"దానికి ముందే తీర్మానం రాసేస్తిమి," అన్నాడు మామ. "అన్నం ఆరిపోతాది, లేయండి."

లేచారు. చెప్పలేనంత కోపం వచ్చింది. నా చదువు విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళే అందరికంటే ముందు లేచి ఆకుల ముందు కూర్చున్నారు. అక్క మాత్రం గదిలోకి వెళ్ళి నల్లబల్ల తుడిచింది. మంగళవారం కొత్త తాళం పడింది. బీరువాలు, బెంచీ లోపలే ఉన్నాయి, వాటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు దొంతరలుగా పేర్చారు. నా కాగితాన్ని తలుపుకు అంటించారు.

సంఘం నియమాల్లో ఒకటుంది. కుటుంబాల్లో సగానికి మించి నెలలోపు సంతకం పెడితే కూట్టం మళ్ళీ పిలవాలి. నూట పన్నెండులో సగం యాభై ఆరు, కాబట్టి యాభై ఏడు కావాలి. ఇల్లిల్లూ తిరుగుతున్నాను. 'గది తెరవాలా' అన్న ఒక్క ప్రశ్న తప్ప కాగితంలో ఇంకేమీ లేదు. అక్క నాతో రానంది. "నా గదికి నేనే పోయి కైయెత్తి మొక్కి అడగాలా? నువ్వు పోగొడితివి, నువ్వు తే," అంది. న్యాయమే.

ఇరవై ఒకటో రోజుకు ముప్పై ఒక్క సంతకాలు. ఆ సాయంత్రం చివరి వీధిలో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. చేతులు కడుక్కునే చోట అసింగం అన్న అత్తే ఆమె. కాగితం చూపించాను. ముట్టుకోలేదు.

"కూట్టంలో సగంలో నిలిపేస్తివి. ఆ బిడ్డ, పక్కన నిలబడి చూసె కదా, అది ఏమాయె?"

"అత్తా, నాకు ఇంకా నలభై ఇళ్ళు ఉండాయి."

"ఉండనీ. చదువు."

పుస్తకం సంచిలోనే ఉంది. అరుగు మీద కూర్చుని చదివాను. యాభై నిమిషాలు పట్టింది. ఇంటికి యాభై నిమిషాల చొప్పున నలభై ఇళ్ళకు ముప్పై మూడు గంటలు పైనే, నాకు మిగిలింది తొమ్మిది రోజులు. చదువుతూనే మనసులో వేసుకున్నాను. చివరి పేజీ అయ్యాక ఆమె పుస్తకం మూయమంది.

"నాకు బాగాలేదప్పా. ఇంత కసి మనిషికి కూడదు."

"సరే అత్తా."

"వేలు ఏ పక్క పెట్టాల?"

ఇంకుప్యాడు తెరిచి చోటు చూపించాను. ముప్పై రెండు. పక్కింటాయన గేటు దగ్గర నిలబడి అంతా విన్నాడు. నేను అటు వెళ్ళేలోపే లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వెళ్ళి తట్టాను.