వేయించిన చిక్కుడు గింజ

గింజల టీచర్ అంటే బడిలోనే కాదు, బడి గేటు ముందు పెన్సిళ్లు అమ్ముకునే ముసలాయనకు కూడా తెలుసు. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది గానీ దాంతో పనిపడ్డవాళ్లు తక్కువ. ఇరవై ఆరేళ్లుగా మూడో తరగతి ఆమెదే. కంఠతా పట్టించి అప్పజెప్పించుకునే చదువంటే ఆమెకు ఒళ్లు మంట. కూడికలకు సీసా మూతలు, కొలతలకు ముళ్లు వేసిన తాడు, బరువులకు డబ్బా మూతలతో పిల్లలే కట్టుకున్న త్రాసు. ఆ గది పక్కనుంచి వెళ్తుంటే సంతలో నడిచినట్టుందని హెడ్‌మాస్టర్ విసుక్కునేవాడు. ఎవరైనా పెద్దవాళ్లు బడి చూడటానికొస్తే మాత్రం ముందు ఆ గదికే తీసుకెళ్లేవాడు.

పిల్లలు ఏది అడిగినా ఆమె దగ్గర ఒకటే జవాబు. నన్నడక్కు, చేసి చూడు, చూసి చెప్పు. ఉప్పు నీళ్లలో ఎక్కడికి పోతుందని అడిగినా అదే, మధ్యాహ్నం నీడ ఎందుకు పొట్టిదవుతుందని అడిగినా అదే. కొత్తగా వచ్చిన టీచర్లు ఇది తప్పించుకునే ఎత్తేమో అనుకునేవాళ్లు. కాదు. ఆ మాటను ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. సిగ్గుపడాల్సింది కూడా అక్కడే ఉంది.

ఏడాదికోసారి గింజల పాఠం వచ్చేది. మనిషికో ప్లాస్టిక్ గ్లాసు, లోపల తడి దూది, దూదికీ గ్లాసుకీ మధ్య బయటికి కనబడేలా ఒక చిక్కుడు గింజ. గ్లాసు మీద పేరు చీటీ. అన్నీ కిటికీ గట్టు మీద వరసగా. పిల్లలు రోజూ చూడాలి, బొమ్మ గీయాలి, చూసింది చూసినట్టు నోట్సులో రాయాలి. ఆరో రోజుకల్లా ప్రతి గ్లాసులోనూ మొలక ఉండేది. ఆమె చెయ్యి పడితే మొలవని గింజ లేదని ఊరంతా చెప్పుకునేవాళ్లు.

మొలవని గింజలు ఏటా ఉండేవి. ఆ సంగతి ఆమె వంటింటి కిటికీకి తెలుసు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక పిల్ల గింజ కుళ్లిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు ఏడిపించారు. ఆ పిల్ల మూడు రోజులు బడికి రానని మంకుపట్టు పట్టింది. టీచర్‌కు జాలేసింది. మరుసటి ఏడాది నుంచి, బడిలో గింజలు వేసిన రోజే ఇంట్లోనూ ఓ పది గింజలు వేసి పెట్టుకోవడం, గంట కొట్టడానికి ముందే గుట్టుచప్పుడు కాకుండా వెళ్లి, మొలవని వాటిని తీసేసి ఇంటి మొలకలు పెట్టడం మొదలైంది. గడియారాలు బాగుచేసే ఆమె భర్త, ఇంట్లో మనమిద్దరం, కిటికీలో మాత్రం పదిమంది అని వేళాకోళం చేసేవాడు. మొదట్లో అది జాలే. కాదని ఎవరూ అనలేరు. ఆ తర్వాత పేరొచ్చింది, పేరు నిలబెట్టుకోవడానికి కూడా అదే పని పనికొచ్చింది, ఏది ఎప్పుడు ఏదైందో ఆమె చూసుకోలేదు.

ఈ ఏడాది తరగతిలో ఒక పిల్ల ఉండేది. టీచర్లందరూ దానికి ధర్మసందేహం అని పేరు పెట్టారు. ఒక ప్రశ్నకు జవాబు చెప్పేలోపు రెండో ప్రశ్న నోట్లో పెట్టుకుని నిలబడేది. గింజలు పంచుతున్నప్పుడు టీచర్ కొంగు పట్టుకుని, వేయించిన గింజ కూడా మొలుస్తుందా అని అడిగింది. చేతిలో ముప్పై గ్లాసులు, అటు నీళ్లు ఒలికిపోతున్నాయి. టీచర్ వెనక్కి తిరక్కుండానే, చూసి చెప్పమంది. అన్న మాట అప్పుడే మర్చిపోయింది కూడా. ఆ పిల్ల మర్చిపోలేదు. ఇంటికెళ్లి, నాయనమ్మను బతిమాలి పెనం మీద గింజ వేయించుకుని, మర్నాడు తన గ్లాసులో దాన్ని పెట్టుకుంది.

ఐదో రోజు పొద్దున్నే టీచర్ వచ్చి చూస్తే మూడు గ్లాసుల్లో మొలకలు లేవు. ఒకదాంట్లో గింజకు గోధుమరంగు మచ్చ కూడా ఉంది. కుళ్లు పట్టిందనుకుంది. మూడూ తీసి కిటికీ బయట మురుగుకాలవలోకి విసిరేసి, మొలకలు పెట్టి, చేతులు కడుక్కుంది. ఆ రోజే పైనుంచి తనిఖీ అధికారి వస్తున్నాడు. ఆమె పాఠం నచ్చితే మిగతా బళ్లకూ ఇదే పద్ధతి చెప్పిస్తారని హెడ్‌మాస్టర్ వారం నుంచి ఊదరగొడుతున్నాడు.

అధికారి నెమ్మదస్తుడు. గ్లాసులన్నీ వంగి చూసి, మీరేం తెలుసుకున్నారు అని పిల్లల్నే అడిగాడు. నీళ్లు కావాలన్నారు కొందరు, గాలి కావాలన్నారు కొందరు. ధర్మసందేహం నోట్సు పట్టుకుని లేచింది.

"వేయించిన గింజ కూడా మొలుస్తుంది సార్. రెండు రోజులు ఆలస్యం. మొలిచాక మాడిన మచ్చ కూడా పోతుంది."

తరగతి గొల్లుమంది. హెడ్‌మాస్టర్ మొహం మాడిపోయింది. అధికారి నవ్వలేదు, వేయించిన గింజ మొలవదమ్మా, ఇంకోసారి చూసుకో అన్నాడు. ఆ పిల్ల అతని వైపు కాదు, టీచర్ వైపు చూసింది.

"మీరు చూసి చెప్పమన్నారు కదా టీచర్. నేను రోజూ చూశాను."

టీచర్‌కు గోధుమరంగు మచ్చ ఏమిటో అప్పుడు తెలిసింది. ఒక్క మాటతో అయిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఎదురుగా అధికారి చేతిలో పెన్ను ఉంది, పక్కన హెడ్‌మాస్టర్ ఉన్నాడు, ఇరవై ఆరేళ్ల పేరు ఉంది.

"నువ్వే గింజలు తారుమారు చేసి ఉంటావు," అంది టీచర్. "కూర్చో."

తాను చేసిన పనిని ఆ పిల్ల నెత్తిన పెట్టేసింది. అంతే తేలిగ్గా. ధర్మసందేహం కూర్చుంది. డబ్బాలోంచి రబ్బరు తీసి, నోట్సులో రాసుకున్నది చెరపడం మొదలుపెట్టింది. కాగితం చిరిగేదాకా చెరిపింది. అధికారి పుస్తకంలో నాలుగు మంచి మాటలు రాసి సంతకం చేసి వెళ్లాడు. అన్ని గింజలూ మొలవడం టీచర్ శ్రద్ధకు నిదర్శనం అన్నది అందులో ఒకటి.

ఆ సాయంత్రం వంటింట్లో, మిగిలిన మొలకల ముందు నిలబడి ఆమె భర్తకు అంతా చెప్పింది. చిన్నపిల్ల కదా, రేపటికి మర్చిపోతుందిలే అన్నాడాయన, ఓదార్పుగా. మర్చిపోదని ఆమెకు తెలుసు. అంతకంటే, మర్చిపోతే బాగుండునని తన మనసు ఒక్క క్షణం ఆశపడినందుకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లలు, తన చేతిగింజను తమ గింజ అనుకుని బొమ్మలు గీశారో. చూసింది చూసినట్టు రాయమని వాళ్ల వెనక నిలబడింది తనే.

మర్నాడు ముందు హెడ్‌మాస్టర్‌కు చెప్పింది. ఆయన తలుపు వైపు చూసి, ఈ మాట ఈ గది దాటకూడదన్నాడు. ఆమె నేరుగా తరగతికి వెళ్లి పిల్లలందరి ముందూ చెప్పింది. మొలవని గింజలు తీసేసి వేరేవి పెట్టింది తనేనని, ఏటా పెడుతున్నానని, నిన్న అబద్ధమాడింది తనేనని. తల ఎత్తలేకపోయింది.

ధర్మసందేహం చెయ్యెత్తింది.

"నా గింజ ఎక్కడుంది టీచర్?"

కాలవలో పారేశానని చెప్పింది టీచర్.

"అయితే అది ఇంకో రెండు రోజులకు మొలిచేదో లేదో ఎలా తెలుస్తుంది?"

మొలవదమ్మా అనబోయి టీచర్ ఆగిపోయింది. ఆ మాట చెప్పే హక్కు తనకు లేదు. తెలియదంది. క్షమించమని అడిగితే ఆ పిల్ల తలూపింది. ఎందుకు ఊపిందో, పెద్దవాళ్లు అడిగితే ఊపాలి కాబట్టి ఊపిందేమో.

ఆ మర్నాడు నాయనమ్మ దగ్గర మళ్లీ గింజ వేయించుకుని తెచ్చుకుంది. కొత్త దూది, కొత్త నీళ్లు, పేరు చీటీ అన్నీ టీచరే ఇచ్చింది. ధర్మసందేహం నోట్సులో కొత్త పేజీ తీసి, మొదటి రోజు, మచ్చ ఉంది అని రాసుకుంది. సాయంత్రం గంట కొట్టాక అందరూ గ్లాసులు గట్టు మీదే వదిలి పరిగెత్తారు. ఈ పిల్ల మాత్రం తన గ్లాసు తీసుకుంది.

"గట్టు మీద ఉంచమ్మా," అంది టీచర్. "నేను ముట్టుకోను."

"ఇంటికి తీసుకెళ్తాను టీచర్," అంది ఆ పిల్ల, మర్యాదగానే. "ఇక్కడైతే చూసినా తెలియదు."

రెండు చేతులా గ్లాసు పట్టుకుని ఉండటంతో తలుపు తీసుకోలేకపోయింది. టీచర్ వెళ్లి తలుపు తీసి, నీళ్లు ఒలకకుండా ఆ పిల్ల గడప దాటేదాకా తలుపు పట్టుకుని నిలబడింది.