పండగనాడు మా ఆవిడకు సెలవు

తిరుమలేశ్ అమర్చిన విందు భోజనాలను చూడని తెలుగువాడు లేడు. తిన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

అతనిది సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్. పెళ్లి సీను, పండగ పాట, జమీందారు గారి భోజనాల బల్ల, ఏదైనా సరే, కెమెరా ముందు తిండి అమర్చే పని అతనిదే. బోర్లించిన గిన్నె మీద అన్నం పరిస్తే కొండంత రాశి. గారెల మీద నూనె పూత. కూర మీద గ్లిజరిన్. వెనకాల రెండు అగరొత్తులు వెలిగిస్తే వేడివేడి ఆవిరి. హీరో ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్లగానే డైరెక్టరు కట్ చెప్పేస్తాడు కాబట్టి ఇన్నేళ్లలో ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. టైటిల్స్‌లో అతని పేరు వచ్చే సమయానికి జనం పార్కింగ్ దగ్గర హారన్లు కొట్టుకుంటూ ఉంటారు. సెట్లో అయితే అసలు పేరే ఉండదు. "అరేయ్, ఆ ప్లేటు మార్చు" అంటే అతనే.

అలాంటివాణ్ని ఎవరో పుణ్యాత్ములు ఫేస్‌బుక్‌లో "వంటిల్లు అందరిదీ" అనే గ్రూపులో చేర్చారు. దాన్ని పెట్టింది జూబ్లీ హిల్స్‌లో ఉండే వరప్రసాద్ గారు. ఆయన డాక్యుమెంటరీలు తీస్తారు, పూర్తి చేయరు. గ్రూపు ఆశయం చాలా గొప్పది. పండగలను దేవుళ్ల పేరుతో కాకుండా సమానత్వం పేరుతో జరుపుకోవాలి. ఆ రోజు మగవాళ్లే వండాలి. వండినదాన్ని ఫొటో తీసి, కింద సమాజం గురించి నాలుగు ముక్కలు రాయాలి. ఆ నాలుగు ముక్కలు చదివేసరికి ఎవరింట్లోనైనా కూర చల్లారిపోవలసిందే. ఒక ఉగాదికి ఆరు రుచులనూ ఆరు ప్రాథమిక హక్కులతో పోల్చారు. వేపపువ్వు ఏ హక్కు కిందికి వస్తుందన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరు సభ్యులు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. వాళ్లిప్పుడు వేరే గ్రూపు నడుపుతున్నారు.

కిందటి దసరాకు తిరుమలేశ్ ఊరికే ఒక ఫొటో పెట్టాడు. ఏదో పాట కోసం అమర్చిన ఆకు. బగారన్నం, మటన్, గారెలు, పక్కన బంతిపూలు. "మీరే చేశారా?" అని ఎవరో అడిగితే "అవును" అన్నాడు. అందులో అబద్ధం లేదు, చేసింది అతనే. అక్కడితో ఆగితే బాగుండేది. చెయ్యి ఊరుకోక ఇంకో వాక్యం రాశాడు: "పండగనాడు మా ఆవిడకు సెలవు."

ఆ ఒక్క వాక్యం అతని బతుకు మార్చేసింది. లైకులు వేలల్లోకి పోయాయి. కాలేజీ లెక్చరర్లు, లాయర్లు, కవులు, అందరూ "తిరుమలేశ్ గారూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ "గారు" అతనికి కన్నతల్లి తర్వాత దొరికిన ప్రేమలా అనిపించింది. ఇంక ఆపగలడా? రంజాన్‌కు హలీమ్, క్రిస్మస్‌కు కేకు, బోనాలకు తలకాయ కూర, అన్నీ సెట్ సామాన్ల గోడౌన్‌లోంచి వచ్చి గ్రూపులో వెలిగాయి. కేకయితే థర్మాకోల్ ముక్క. ప్రతిదాని కిందా మా ఆవిడకు సెలవే.

ఆ ఆవిడ పేరు మంజులత. సీరియళ్లలో హెయిర్ డ్రెస్సర్. కాపురం ఫిల్మ్ నగర్ బస్తీలో రెండు గదుల ఇల్లు. ఆమెకు గ్రూపుల సంగతి తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. ఆమె రోజూ జడ వేసే ఆర్టిస్టు రెజీనా గారికి మాత్రం తెలుసు. ఈవిడ కెమెరా ముందు కోడళ్ల మీద కంచాలు విసిరే అత్త. షాట్ గ్యాపులో అదే గ్రూపులో కోడళ్ల చాకిరీ గురించి కన్నీళ్లు తెప్పించేలా రాస్తుంది. రెండూ మనస్ఫూర్తిగానే చేస్తుంది.

ఈ ఏడు దసరా దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం తిరుమలేశ్ ఇంటికి వచ్చేసరికి మంజులత ఒక సవరాన్ని దువ్వుతూ కూర్చుంది.

"నాకు పండుగనాడు సెలవంట గదా," అంది తల ఎత్తకుండానే.

"ఎవరన్నరు?"

"రెజీనా మేడం. ఫోన్ల సూపెట్టింది. మేకప్ రూముల అందరు నా అదృష్టం సూసి ఏడుసుడే."

"ఊకె రాసిన మంజులా. గదేం లెక్కల్లేదు."

"మంచిగనే రాసినవ్. పోయిన దసరకు మీ అక్కోళ్లు తిని లేసినంక గిన్నె అడుగున గీక్కొని తిన్న. గది గూడ రాస్తే ఇంక మంచిగుంటుండె." సవరం పక్కన పెట్టింది. "గందుకే మేడంతోని మీ గ్రూపోళ్లను దసరకు మనింటికి రమ్మన్న. నువ్వొండుతవని జెప్పిన."

అప్పటికే గ్రూపులో వరప్రసాద్ గారి ప్రకటన వచ్చేసింది: ఈసారి దసరా మన ఆదర్శ సభ్యుడి ఇంట్లో. నిజానికి ఆయనింట్లోనే పెట్టుకుందామని ముందు అనుకున్నారు. కానీ వంటమనిషి పండక్కి ఊరెళ్తోంది కాబట్టి ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించడం వచ్చినవాళ్లు ఎవరూ ఉండరు.

తిరుమలేశ్ "నిజానికి నాకు" అని టైపు చేశాడు, చెరిపేశాడు. ఆ "గారు" పోతుంది. మళ్లీ "అరేయ్ ప్లేటు"గా బతకాలి. పోనీ అని పెళ్లాన్ని బతిమాలాడు. తెల్లారి లేచి ఎవరికీ తెలియకుండా వండి పెట్టెయ్యమన్నాడు.

"నాకు సెలవు," అంది మంజులత.

చివరికి యూసుఫ్‌గూడలో తెలిసిన మెస్సు నుంచి మటన్, బగారన్నం డబ్బాలో తెచ్చి వంటింటి సజ్జ మీద, ఎవరి కంటా పడకుండా దాచాడు. గిన్నెల్లోకి మార్చి వేడి చేస్తే సరిపోతుంది. ఈ మాత్రం సీనుకు కళాదర్శకుడు కూడా అక్కర్లేదు.

దసరా రోజు పొద్దున్నే ఆరుగురు అతిథులు దిగారు, ముగ్గురు మగవాళ్లు, రెజీనా గారితో కలిపి ముగ్గురు ఆడవాళ్లు. కారు బస్తీ సందులోకి రాక చివరి మలుపు నుంచి నడిచి వచ్చారు. వరప్రసాద్ గారి చేతిలో సంచీ.

"పచ్చి మటన్ తెచ్చామండీ," అన్నారు ఆయాసపడుతూ. "వండేసింది తినడంలో ఏముంది? మీరు వండుతుంటే మేం ఇక్కడ ఉండాలి. ప్రక్రియే అసలు రాజకీయం!"

తిరుమలేశ్ ఆ సంచీని అందుకుని వంటింట్లోకి నడిచాడు. వరప్రసాద్ గారు గుమ్మంలో నిలబడి నాలుగు ఫొటోలు తీసుకుని, రాజకీయాన్ని అతనికి అప్పగించి, వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.

గోడౌన్‌లో ప్లాస్టిక్ ద్రాక్షగుత్తులు ఏ పెట్టెలో ఉన్నాయో కళ్లు మూసుకుని చెప్పగలడు తిరుమలేశ్. సొంత వంటింట్లో మాత్రం ఏ డబ్బా తెరిచినా పసుపే కనిపిస్తోంది.

"మంజులా, ఉప్పేడుంది?"

"కింది అరల. నాతోని ముచ్చట పెట్టకుంట వండనేరాదు మా ఆయనకు," అంది మంజులత అతిథులతో, తీయగా నవ్వుతూ.

కాసేపటికి మాడు వాసన హాలంతా కమ్మింది. కుక్కరుకు రబ్బరు పెట్టాలని ఆ మహాశయుడికి తెలియదు. విజిల్ వస్తుందని ఎదురుచూస్తూ నిలబడితే ఆవిరంతా పక్కలనుంచి పోయింది. హాల్లో సరిగ్గా అప్పుడే వరప్రసాద్ గారు, "అసలు స్త్రీని వంటింటికి కట్టేసిందెవరు?" అని అడుగుతున్నారు. జవాబు చెప్పడానికి అక్కడ స్త్రీలు లేరు. వాసన తగలగానే ముగ్గురూ కొంగులు బిగించి వంటింటి వైపు పరుగెత్తారు. మగవాళ్లు ముగ్గురూ కుర్చీల్లోంచి కదలకుండా చర్చ కొనసాగించారు.

మంజులత గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "కూసోండి మేడం. ఇంకొకరు చెయ్యి పెడితే ఆయనకు మనసున వట్టది."

రెజీనా గారు గిన్నె మూతల చప్పుడు వింటూ, చేతులు నలుపుకుంటూ వెనక్కి వెళ్లి కూర్చుంది. సమానత్వం అంత కష్టంగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

లోపల మటన్ అడుగున బొగ్గు, పైన పచ్చి. తిరుమలేశ్ సజ్జ మీది డబ్బా దించాడు. మూత తీస్తే ఘుమఘుమ. గంటె తీసుకుని గిన్నెలోకి మార్చబోతూ ఎందుకో హాలు వైపు చూశాడు.

మంజులత ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు పైన పెట్టుకుని కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. చేతులు పొడిగా ఉన్నాయి. పెళ్లైన ఇన్నేళ్లలో దసరా మధ్యాహ్నం ఆమెను కూర్చుని ఉండగా చూడలేదని అతనికి అప్పుడు తట్టింది. కొత్త చీర ఎప్పుడు కట్టుకునేదో, అసలు కట్టుకునేదో లేదో కూడా గుర్తు రాలేదు. ఎన్ని వందల పండగలు అమర్చాడు, ఇంట్లో పండగ మొహం చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఇప్పుడు మెస్సు కూర పెడితే ఆమె సెలవు కూడా ఒక సెట్టింగే అయిపోతుంది.

డబ్బా మూత పెట్టి మళ్లీ సజ్జ మీదికి తోశాడు. తన మాడు కూరనే వడ్డించాడు. చెయ్యి అలవాటున అన్నం కింద గిన్నె బోర్లించింది, దాన్ని కూడా తీసేశాడు.

అందరూ ముందు ఫొటోలు తీసుకున్నారు, తర్వాత నోట్లో పెట్టుకున్నారు. మగవాడి వంటకు వంక పెడితే ఉద్యమానికి దెబ్బ. ఎవరు పెడతారు?

"రుచిలో ఒక నిజాయితీ ఉందండీ," అన్నారు వరప్రసాద్ గారు, ముక్కను ఒక దవడ నుంచి ఇంకో దవడకు మారుస్తూ.

"ఉడకలే," అంది మంజులత.

తిరుమలేశ్‌కు ఇక దాచాలనిపించలేదు. "నాకు వంట రాదు సార్. ఇయ్యాలే మొదటిసారి వండిన. గా ఫొటోలన్ని షూటింగులయి."

అందరూ చెంచాలు దించారు. వరప్రసాద్ గారి కళ్లు చెమర్చాయి.

"చూశారా వినయం! ఇన్నేళ్లు వండి పెట్టి ఏమీ రాదంటున్నాడు. మన మగవాళ్లు నేర్చుకోవలసింది ఇదండీ!"

చప్పట్లు మోగాయి. రెజీనా గారు ముక్కు చీదింది. మంజులత ఒక్కతే పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు కూడా ఆదర్శ దాంపత్యం కిందే జమైంది. సాయంత్రానికల్లా ఆ మాడు కూర ఫొటోకు గ్రూపులో ఎప్పుడూ రానన్ని లైకులు వచ్చాయి. ఫొటోకు రుచి ఉండదు కదా.

వాళ్లు వెళ్లాక మంజులత స్టూలు వేసుకుని సజ్జ మీది డబ్బా దించింది. అది అక్కడుందని ఆమెకు పొద్దున్నే తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది, వంటిల్లు ఆమెది. ఇద్దరూ కింద కూర్చుని తిన్నారు. తర్వాత తిరుమలేశ్ మాడిన కుక్కరు ముందేసుకుని తోముతుంటే ఫోనులో ఫొటో తీసింది. చిరిగిన బనీను, గుడ్డి ట్యూబ్‌లైటు, మోచేతులదాకా మసి. "మా ఆయన నిజంగ వండిండు" అని రాసి అతని ఫోనులోంచే గ్రూపులో పెట్టింది.

లైకులు చేతి వేళ్లకు మించలేదు. కాసేపటికి వరప్రసాద్ గారి వ్యాఖ్య వచ్చింది: "వెలుతురు లేదండీ. మీ స్థాయిలో లేదు. వీలైతే తీసెయ్యగలరు."

"తీసెయ్యాల్నా?" అంది మంజులత.

"ఉండనియ్," అన్నాడు తిరుమలేశ్. కుక్కరు అడుగున నలుపు ఎంతకీ వదలడం లేదు. "దీపావళికి గరిజెలు నేనే జేస్త మంజులా. నిజంగనే. జర నేర్పియ్యి."

"నేర్పుడు గూడ పనే గదా," అంది మంజులత గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంటూ. "ఇయ్యాల నాకు సెలవు."