పోగుంటల మేడం

"నీ మొక్కల మేడం పోయిందట బిడ్డా. నిద్రల్నే పోయిందట" అంది అత్తమ్మ, మొన్న ఆదివారం పొద్దున, కూరగాయల సంచీ కింద పెట్టకుండానే. చాయ్ దింపి పొయ్యి ఆర్పాను. ఏడుపు కంటే ముందు ఆమె నవ్వే గుర్తొచ్చింది. ఆ తప్పు ఆమెదే.

ఆమె మొక్కలమ్మే మనిషి కాదు. ఆదిలాబాద్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీకి రెండు వీధుల అవతల, మనసు బాగాలేనివాళ్ళతో మాట్లాడే కౌన్సెలర్. ఆ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె వాకిలి నిండా కుండీలే కాబట్టి, మొక్కల కోసం వెళ్తున్నానని చెప్పేదాన్ని. మాట నిలబడాలని వారానికొకటి తెచ్చేదాన్ని. ఆమే ఇచ్చేది, "నీ అబద్ధానికి నీళ్ళు మంచిగ పొయ్" అంటూ.

"గిది ఇల్లా, అడవా? రేపు పులి గూడ వస్తది" అని అత్తమ్మ సణిగేది.

నా బాధ చెబితే మీకు నవ్వొస్తుందేమో. క్లాసులో ఒక యుద్ధం జరిగిన సంవత్సరం తప్పు చెప్పాను. ఓ అమ్మాయి సరిదిద్దింది, అందరూ నవ్వారు. ఏళ్ళ తరబడి చరిత్ర చెప్పిన నాకు ఆ తర్వాత నోరు పెగల్లేదు. సెలవు పెట్టి, రాజీనామా రాసి, బ్యాగులో పెట్టుకు తిరిగాను. మేడం దాన్ని చదివి, మడిచి, తిరిగిచ్చింది. "చింపుమని నేనైతె చెప్ప. ముందుగాల గీ పని జెయ్" అని పెరట్లో నాలుగు సాళ్ళు చూపించి, గుప్పెడు పత్తి గింజలు చేతిలో పోసింది.

మూడో రోజే వెళ్ళి తవ్వి చూశాను. ఐదో రోజూ తవ్వాను. సగం మొలవలేదు. నా చెయ్యే అంత అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆమె గోడకానుకుని నవ్వింది.

"రోజు తవ్వితె గింజకు గూడ పరేషానే గద! మొలవనికాడ రైతు ఏం జేస్తడు? చేను అమ్ముకుంటడా?"

"పోగుంటలు పెడ్తడు" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. మొలవని చోట మళ్ళీ గింజ పెట్టడం. చిన్నప్పుడు బాపు వెనక నేనూ చేసిన పనే.

"మరి నువ్వో? ఒక్క గింజకు చేనంత అమ్ముతున్నవ్."

వెంటనే ఒప్పుకోలేదు. మనుషులు గింజలు కారు కదా అన్నాను. "కారు. గింజలు గింతగనం మాట్లాడయ్" అంది.

సెలవయ్యాక క్లాసుకు వెళ్తే, అదే అమ్మాయి ఏదో అడిగింది. "నాకు తెలియదు. రేపు చూసి చెప్తా" అన్నాను. "సరే మేడం" అని ఆ పిల్ల పెన్ను మూత పెట్టుకుంది. అంతే. మరునాటికి జవాబు వెతికి, చేతికందిన కాగితం మీద రాసుకెళ్ళాను. అది రాజీనామా వెనక వైపు. ఆ సంగతి విని మేడం, "కాయితం కరాబ్ గాలే" అంది.

నిన్న మేడం వాళ్ళింటికి బయల్దేరితే అత్తమ్మ కూడా చెప్పులేసుకుంది. "మొక్కలకు వోయినోళ్ళు ఎర్రటి కండ్లతోని వస్తరా? నాకెప్పుడో ఎర్కనే" అంది.

పెరట్లో మేడం ఆఖరుసారి వేసిన సాళ్ళలో పత్తి మొలకలు రెండేసి ఆకులతో నిలబడి ఉన్నాయి. మధ్యమధ్య ఖాళీలు. ఆమె చెల్లెలు గింజల డబ్బా తెచ్చిచ్చింది. నేను గుంతలు తీస్తుంటే అత్తమ్మ గింజ వేసి మన్ను కప్పింది. వచ్చేముందు వంగి ఒకచోట మన్ను కదిలించబోయాను. అత్తమ్మ నా చేతి మీద ఒక్కటేసింది.

రేపు పొద్దున్నే క్లాసుంది. గోళ్ళలో ఆ మన్ను ఇంకా అలాగే ఉంది.