ముడులు విప్పిన పురికొస

ఏడేళ్ళుగా ఒక పురికొస ముక్క నా మెడకు చుట్టుకొని ఉంది. నవ్వకండి. నేనేం చెప్పినా సగం తీసేసి వినాలని ఆళ్ళగడ్డలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చేతికర్రతో చిరుతపులిని తరిమానని చెప్పుకున్న మనిషిని నేను. అది కుక్క. ఈ ఒక్క సంగతైనా ఉన్నదున్నట్టు చెప్పాలని కూర్చున్నాను. చేతనవుతుందో లేదో.

మా అన్నకు చక్కెర జబ్బు. కర్నూలు రాజధాని అయిన ఏడు ఆయన పాదాలు ఏ చెప్పులూ పట్టనంతగా ఉబ్బాయి. గోనెగుడ్డలు చుట్టుకొని అరుగు మీదే కూర్చునేవాడు. ఆయన కోరిక ఒక్కటే, జొన్న కోతలకు తన చేనిగట్టు మీద తన కాళ్ళతో నిలబడాలి. నంద్యాలలో మెత్తటి తోలుతో కొలతకు కుట్టేవాడు ఉన్నాడని చెప్పింది నేనే. జమీందార్లకు కుట్టిన చెయ్యి అని కూడా అన్నాను. ఆ ముక్క నా కల్పన.

సాయంత్రానికి వాపు ఎక్కువవుతుంది. అందుకని మా వదిన దీపాలు పెట్టే వేళదాకా ఆగి పురికొసతో కొలిచింది. పొడవుకు ఒక ముడి, పాదం చుట్టుకు ఇంకో ముడి. జాగ్రత్తగా తీసుకుపొమ్మని మరీమరీ చెప్పింది.

నంద్యాలలో బస్సు దిగేసరికి కుండపోత వాన, తాడు తడిసి ముడులు జారిపోయాయి అని మొదట రాశాను. కొట్టేశాను. వాన లేదు. సంతలో ఒక పందెంకోడిని కొన్నాను. దాని కాళ్ళు కట్టడానికి తాడు కావాలి, చేతిలో ఉన్నది అదొక్కటే. ముడులు అడ్డం వచ్చాయి. నా గోళ్ళతో నేనే విప్పాను. అప్పుడు నా మనసులో ఏముంది? కోడి. అంతే.

కుట్టేవాడు కొలత అడిగాడు. లేదన్నాను. పోయి తెచ్చుకోమన్నాడు. ఉత్త చేతులతో ఇంటికి పోతే తాడు ఏమైందని వదిన అడుగుతుంది, కోడి సంగతి బయటపడుతుంది. పందేలు మానేస్తానని అన్నకు మాట ఇచ్చి ఉన్నాను. అందుకని నా కాలే చాచి, దీనికి రెండు వేళ్ళు ఎక్కువ పెట్టమన్నాను.

ఇంతవరకైతే వెధవపని. దీని తర్వాతదే పాపం.

అన్న పాదాలకు స్పర్శ పోయిందనీ, చెప్పు కరిచినా తెలియదనీ, ఇంట్లోవాళ్ళే చూసుకోవాలనీ డాక్టరు అంతకుముందే నాతో చెప్పాడు. ఇంట్లో ఏడుస్తారని ఆ మాట దాచాను. అది మాత్రం మంచికే దాచాను. కానీ ఆ తర్వాత అదే నాకు చాటు అయింది.

చెప్పులు వచ్చాయి. అన్న తొడుక్కున్నాడు. పట్టీ కింద కండ ఉబికింది. నేను చూశాను.

"ఎట్ల ఉండాయన్నా?"

"యాడా నొప్పి ల్యాదురా. నీ పుణ్యాన చేను సూస్తాండా."

విప్పెయ్యి అన్నా, అంటే సరిపోయేది. అరుగు చుట్టూ చేరినవాళ్ళు తమ్ముడంటే ఇట్లా ఉండాలని నన్ను మెచ్చుకుంటున్నారు.

"తోలు గదన్నా, సాగుతాదిలే," అన్నాను.

ఆ పొద్దంతా చేనిగట్టు మీద నిలబడ్డాడు. ఇంటికొచ్చాక వదిన చెప్పులు విప్పితే పట్టీతోపాటు చర్మం ఊడివచ్చింది. ఇదెప్పుడయిందని ఆయనే ఆశ్చర్యపోయాడు. పుండు నల్లబడింది. కర్నూలుకు తీసుకుపోతే మోకాలి కిందికి కాలు తీసేశారు. మళ్ళీ విత్తనం వేసే కాలానికి ఆయన లేడు.

పోయేముందు నాతో అన్నాడు, చెప్పులు మంచివేననీ, తన కాళ్ళే చెడ్డవనీ. నేను ఊఁ అన్నాను. ఎందుకన్నాను? నా అంత మాటకారికి ఆ ఒక్కరోజు ఇంకో మాట దొరకలేదా?

కోడి మొదటి పందెంలోనే చచ్చింది. గెలిచిందని ఊళ్ళో చెప్పాను.

వదిన ఇంకా ఉంది. ముడి తానే తప్పు వేసిందేమోనని ఇప్పటికీ వచ్చినవాళ్ళ దగ్గరల్లా బాధపడుతుంది. నేను పక్కనే కూర్చొని వక్క నములుతూ వింటాను. ఆమెకు చెబుతానా? తెలియదు. రేపు చెబుతానని ఇక్కడ రాస్తే అది మళ్ళీ అబద్ధమవుతుందేమో.

మీకు చెప్పాను. వదిన కొలత సరిగ్గా ఉంది. ముడులు విప్పింది నేను. రాశాక మెడ దగ్గర రవ్వంత వదులైంది, అంతకుమించి ఏమీ లేదు. దీంట్లో మాత్రం సగం తీసేయకండి.