మామ కెమెరా, అత్తమ్మ చెవులు

మా మేనమామ ఈ శ్రావణమాసం మొదటి సోమవారం పొద్దున ఆరున్నరకు, సూరత్‌లోని లింబాయత్‌లో తన ఇంట్లో చనిపోయాడు. గుండెపోటని డాక్టరు రాశాడు. అంతకు ముందురోజు ఆదివారం. వాన తెరిపివ్వకపోవడంతో ఫొటోలకు వెళ్లలేదు. కెమెరాను మాత్రం బయటికి తీసి, తుడిచి, డబ్బాలో పెట్టాడు. అత్తమ్మ ఆ డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత చాలా రోజులు దాన్నెవరూ ముట్టలేదు. సూరత్‌లో వానాకాలం కెమెరాను అలా మూసి ఉంచడం మంచిది కాదు. ఈ మాట నాకు చెప్పింది కూడా మామే.

మామ మరమగ్గాలు బాగుచేసే మాస్టరు. కరీంనగర్ వైపు నేత కుటుంబం మాది. పెళ్లి కాకముందే సూరత్ వచ్చి, మళ్లీ ఊరికి చుట్టంలాగే వెళ్లాడు. మగ్గాల మధ్య బతికిన చాలామందికి లాగే ఆయనకూ చెవులు మందగించాయి. ఎదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా మాట్లాడితే అందేది. పక్కనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. సూరత్ బయట డుమస్ దారిలో ఒక చిత్తడి నేల దగ్గర ఎవరిదో బండి ఆగిపోతే సాయం చేయడానికి వెళ్లి, అక్కడ కర్రమీద కూర్చున్న లకుముకి పిట్టను చూశాడు. ఫోన్లో ఫొటో తీస్తే నీలిచుక్క వచ్చింది. అప్పుడు ఆయనకు కెమెరా కావాలనిపించింది.

పర్వత్ పాటియాలో వాడిన కెమెరాలు అమ్మే దుకాణానికి నన్ను తోడు తీసుకెళ్లాడు. దుకాణదారు బారెడు లెన్సు ఒకటి తీసి, చంద్రుడి మీద మచ్చలు కూడా కనపడతాయని హిందీలో ఊదరగొట్టాడు.

"చంద్రునిల పిట్టలున్నయా అల్లుడా?" అని నన్నడిగాడు మామ.

ఆ లెన్సు బిగించిన కెమెరాను కంటికి ఆనించి, కదలకుండా నిలబడ్డాడు. దుకాణదారుకు చాయ్ వచ్చింది, తాగడం కూడా అయిపోయింది. మామ మోచేయి వణకడం మొదలైంది. దించి, దానికంటే చిన్న లెన్సు అడిగాడు.

"ఎంత దూరం కనవడ్తదని కాదు, ఎంతసేపు చేతుల ఆగుతదని చూడాలె. పిట్ట మన టైముకు రాదు గద."

తర్వాత ఆ చిన్న లెన్సును ట్యూబ్‌లైటుకు ఎదురుపెట్టి, మెల్లగా తిప్పుతూ చూశాడు. పోగు తప్పిందేమోనని బట్టను వెలుతురుకు పట్టి చూసినట్టే. లోపలి అద్దం మీద బూజు ఉంటే సన్నటి తీగల్లా కనిపిస్తుంది. అలాంటివి మూడు తీయించి చూస్తే మొదటి రెండింట్లో ఉంది. మూడోది కొన్నాడు.

దుకాణదారు ఉచితంగా ఇచ్చిన తుడిచే గుడ్డను వేళ్ల మధ్య నలిపి, ఇంటికొచ్చాక అత్తమ్మకు ఇచ్చేశాడు. అది మన సూరత్ సరుకే, పాలిస్టర్. రుద్దితే దుమ్మును లాక్కుంటుంది. కొత్త నూలుబట్టకేమో గంజి ఉంటుంది. అందుకని తన పాత నూలు లుంగీనే వాడేవాడు. ఉతికి ఉతికి మెత్తబడింది, గంజి జాడ లేనిది. ముందు రబ్బరు బుగ్గ పిసికి గాలికొట్టి, దుమ్ము ఎగిరిపోయాకే బట్ట తగిలించేవాడు. "ఊదినంక తుడువాలె. ముందుగాలె తుడిస్తే దుమ్ముతోని గీకినట్టే" అని నాకు చాలాసార్లు చెప్పాడు. నా కళ్లద్దాలు చూసినప్పుడల్లా చెప్పేవాడు.

లెన్సు డబ్బాలో తేమ పీల్చే నీలం గోలీలు వేసేవాడు. తేమ పట్టగానే అవి గులాబీ రంగుకు తిరుగుతాయి. పెనం మీద వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. వానాకాలం అత్తమ్మ వంటింట్లో ఇదే గొడవ.

"రొట్టెల పెనం మీద నీ గోలీలేంది? మనుషులు తినాల్నా, కెమెరా తినాల్నా?"

"జర ఆగవే. ముందుగాల దాని కడుపు ఆరనియ్యి."

చివరికి అత్తమ్మే పాత పెనం ఒకటి గోలీలకని విడిగా పెట్టింది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న మనిషికి మొదటి చలికాలమంతా ఒక్క మంచి ఫొటో రాలేదు. అన్నీ తోకలూ, ఎగిరిపోతున్న రెక్కలే. లెన్సు తప్పనుకున్నాడు. తర్వాత చొక్కా రంగు తప్పనుకుని, మట్టిరంగు చొక్కా కుట్టించుకున్నాడు. అయినా మీట నొక్కగానే పిట్టలు లేచిపోయేవి.

"నీ ఫొటోలల్ల పిట్టలకు మొఖాలుండవా?" అనేది అత్తమ్మ.

"సూరత్ పిట్టలే గిట్ల. బొంబాయి పోయే తొందరల ఉంటయ్" అనేవాడు. కెమెరాను మాత్రం ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. "ఒక్కసారి నొక్కితే పది ఫొటోలొస్తున్నయ్ అల్లుడా, దిల్దార్ కెమెరా" అని పొంగిపోయేవాడు.

ఒక ఆదివారం, ఈయన అక్కడ చేసేదేమిటో చూద్దామని అత్తమ్మ కూడా టిఫిన్ డబ్బాతో బయల్దేరింది. నేనూ అదే మొదటిసారి వెళ్లాను. లకుముకి పిట్ట కర్రమీద వాలింది. మామ ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. అత్తమ్మ ఉలిక్కిపడింది.

"ఓయ్, గదేంది! మగ్గం పెట్టినవా?"

పిట్ట అప్పటికే లేదు. మామ ఇటు తిరిగాడు. అత్తమ్మ ఆయన ఎదురుగా నిలబడి, రెండు చేతులతో మగ్గం కొట్టుకోవడం చూపించి, "టకటకటక సప్పుడైతున్నది. నువ్వే ఎల్లగొడ్తున్నవ్ వాటిని" అని విడమరిచి చెప్పింది.

అంతకుముందు వాడినవాళ్లెవరో తిప్పి వదిలేసిన మీట వల్ల కెమెరా వరసగా ఫొటోలు తీసే పద్ధతిలో ఉంది. అన్నిసార్లు అంత చప్పుడు చేస్తున్నదని ఆయనకు తెలియదు. ఆయన చెవులకు అది అందలేదు. మామ కెమెరా వైపు చూశాడు, ఖాళీ కర్ర వైపు చూశాడు. తర్వాత గట్టుమీద కూలబడి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"అల్లుడా, దీని నోరు ఎట్ల మూసుడు?"

మెనూలో వెతికి, చప్పుడు రాని పద్ధతికి మార్చి ఇచ్చాను.

ఆనాటి నుంచి ఆదివారాలు ఇద్దరూ వెళ్లారు. అత్తమ్మ ఆయన వెనక నిలబడి వినేది. కూత ఎడమవైపు వినిపిస్తే ఎడమ భుజం మీద, కుడివైపైతే కుడిభుజం మీద తట్టేది. ఆయన అటు తిరిగేవాడు. మొఖమున్న మొదటి లకుముకి ఇప్పటికీ వాళ్లింట్లో టీవీ పైన ఉంది. ఎవరైనా మెచ్చుకుంటే, "కెమెరా నాది, చెవులు గామెవి" అనేవాడు.

పదో దినం నాడు ఆయన బట్టలన్నీ మూటగట్టి ఇచ్చేయడానికి సిద్ధం చేశారు. అత్తమ్మ మూటలోంచి ఆ లుంగీని బయటికి లాగింది. మా పెద్దమ్మ, అంటే మామ అక్క, చెయ్యి పట్టుకుంది.

"పోయినోళ్ల బట్ట ఇంట్ల ఉంచొద్దు పిల్లా."

"ఇది బట్ట గాదొదినా, కెమెరా సామాను."

పెద్దమ్మ చెయ్యి వదిలింది. తర్వాత తనే లుంగీ అంచు పళ్లతో కొరికి, నిలువునా చింపింది. సగం మూటలో పెట్టి, సగం అత్తమ్మ చేతిలో పెట్టింది.

అయినా బీరువా తాళం తీయలేదు అత్తమ్మ. తెలిసినవాళ్లు కెమెరా అమ్మేయమన్నారు. ఊరకే పెడితే పాడవుతుందని నేనూ ఒకసారి అన్నాను. వినిపించనట్టే ఊరుకుంది. ఆ ఇంట్లో అలా ఊరుకునేది మామ ఒక్కడే. వాన మాత్రం ఆగలేదు.

మొన్న గురువారం ఫోన్ చేసింది. "అల్లుడా, తాళం తీసిన. గోలీలు గులాబీ రంగైనయ్."

వెళ్లాను. లెన్సును ట్యూబ్‌లైటుకు పట్టి, మామ తిప్పినట్టే మెల్లగా తిప్పాం. అంచు దగ్గర, లోపలి అద్దం మీద, సన్నటి తీగ ఒకటి కనిపించింది. తుడిస్తే పోయేది కాదు. అత్తమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"వాడితే ఆగుతదా?"

గాలీ వెలుతురూ తగిలితే పెరగడం ఆగొచ్చని చెప్పాను. ఫొటోలో అది కనపడదని కూడా చెప్పాను.

"అయితే వాడుదాం."

"ఎవరు తీస్తరు అత్తమ్మా?"

"నేనే తీస్త. ఎటు కూస్తే అటు తిరుగుడే గద, నాకెవలు తట్టాలె? నువ్వు సంచి మొయ్యి. మాట్లాడకు."

గోలీలను పాత పెనం మీద పోసి పొయ్యి వెలిగించింది. అవి ఒక్కొక్కటే నీలమవుతుంటే, సగం లుంగీలోంచి అరచేయంత ముక్క కత్తిరించింది. ముందు రబ్బరు బుగ్గతో గాలికొట్టి, తర్వాతే తుడిచింది.

బ్యాటరీ చార్జింగ్ అయింది. ఈ ఆదివారం పొద్దున ఆరు గంటలకు ఆటో వస్తుంది. వాన పడితే పై ఆదివారం వెళ్తాం. కెమెరా ఇప్పటికీ చప్పుడు రాని పద్ధతిలోనే ఉంది. దాన్ని మార్చొద్దని అత్తమ్మ చెప్పింది.