మెడికల్ బోర్డు ముందు మా ఆయన తలనొప్పి

మొన్న మధ్యాహ్నం మదనపల్లెలో మా పక్కింటి అమ్మాయి వరండాలోకి వచ్చి కూర్చుంది. భర్త ఈమధ్యే మిలిటరీ నుంచి వచ్చేశాడు. అతనికి అంగవైకల్య పింఛను కోసం దరఖాస్తు పెట్టుకున్నారట, వచ్చే వారం మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళాలట. "పెద్దమ్మా, కాలు ఇరిగింటే సూపిస్తాము. తలనొప్పిని డాక్టర్లకి ఎట్ల సూపించేది?" అని అడిగింది. ఆ మాట వినగానే ఎన్నో ఏళ్ళ కిందటి భయం ఒకటి మళ్ళీ గుర్తొచ్చింది. ఆమె వెళ్ళిపోయాక కూడా వంటపని ముట్టుకోలేక అట్లాగే కూర్చుండిపోయాను. మిలిటరీ నుంచి తిరిగొచ్చిన మనిషితో కాపురం చేసిన నా ఈడు ఆడవాళ్ళకు ఆ భయం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

మా ఆయన పెద్ద ఫిరంగులు పేల్చే దళంలో పనిచేశారు. సెలవులకు వచ్చినప్పుడు తల పట్టుకుని కూర్చుంటే ప్రయాణం బడలిక అనుకునేవాళ్ళం. సర్వీసు ముగించుకుని పుంగనూరులో మా అత్తగారింటికి వచ్చేశాక గాని అది బడలిక కాదని నాకు తెలియలేదు. తలకు ఒక పక్క మొదలయ్యేది, కన్ను ఎర్రబడేది, వెలుతురు సహించేది కాదు, పోపు వాసన తగిలితే వాంతి అయ్యేది. ఊళ్ళోవాళ్ళు పార్శ్వపు నొప్పి అన్నారు, డాక్టర్లు మైగ్రేన్ అన్నారు, మా అత్తగారు మాత్రం దిష్టి అని మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసేవారు. ఆ ఘాటుకు ఆయనకు నొప్పి ఇంకా ఎక్కువయ్యేది, కానీ తల్లి మనసు కష్టపెట్టలేక గోడవైపు తిరిగి పడుకునేవారు. నొప్పి అనే మాట ఆయన నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. పొద్దున్నే ఆయన ముఖం చూసి, కణత మీది నరం చూసి, ఆ రోజు ఎట్లా గడవబోతుందో నేనే అంచనా వేసుకోవాలి.

తర్వాత కుప్పంలో ఒక బ్యాంకులో కాపలా పని దొరికితే అక్కడికి మారాము. రైలుస్టేషను దగ్గర ఇల్లు. బండి కూత వినపడినప్పుడల్లా నా ప్రాణం ఆయన మంచం దగ్గర ఉండేది. పనికి పోలేని రోజులు ఎక్కువవుతూ వచ్చాయి, ఉన్న పని కాస్తా పోతే మా కూతురి చదువు ఏమిటన్న దిగులు నన్ను నిద్రపోనిచ్చేది కాదు. పింఛనుకు పెట్టుకున్న దరఖాస్తుకేమో ఈ జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదని జవాబు వచ్చింది. ఆ సంగతి ఎట్లా పొక్కిందో గాని, ఒకరోజు టీకొట్టు దగ్గర ఎవరో "తలకాయనొప్పికి గూడా పింఛనీ ఇస్తారాప్పా" అని నవ్వారట. ఆ తర్వాత ఆయన ఆ వీధి వైపే పోవడం మానేశారు. అబద్ధాలకోరు అనిపించుకోవడం ఆయనకు నొప్పికన్నా పెద్ద బాధ. నేనే పోరుపెట్టి అప్పీలు చేయించాను.

చివరికి బెంగళూరులో మిలిటరీ ఆసుపత్రికి రమ్మని పిలుపు వచ్చింది. ఆ రోజు రైల్లో కూర్చుని దారి పొడుగునా ఆయన ముఖమే చూస్తూ ఉన్నాను. కడిగిన పళ్ళెంలాగా తేటగా ఉంది ముఖం. ఇన్నేళ్ళూ ఆ నొప్పి రాకుండా చూడు తల్లీ అని మొక్కుకున్నదాన్ని, ఆ పూట ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. నొప్పి రాకపోతే నమ్మరు, వస్తే అంత దూరం వెళ్ళి మాట్లాడే స్థితిలో ఆయన ఉండరు.

బూట్లకు పాలిష్ పెట్టుకుని, వీపు నిటారుగా నిలుపుకుని లోపలికి వెళ్ళిన మనిషి కాసేపటికే బయటికి వచ్చారు.

"ఏమడిగినారు?" అన్నాను.

"ఎట్లుండావని అడిగినారు. బాగుండాను సార్ అంటి."

"యాల అట్ల సెప్పినారు?"

"ఆఫీసరు అడిగితే ఇంకేం సెప్పేది?"

బెంచీ మీది నుంచి లేచి, గుమ్మం దగ్గరి మనిషిని బతిమాలుకుని లోపలికి వెళ్ళాను. నాకు హిందీ రాదు. బల్ల వెనక పెద్ద డాక్టరు మాత్రం కన్నడం ఆయన, నేను కర్ణాటక సరిహద్దులోని వెంకటగిరికోటలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఆ భాష ఎంతో కొంత వచ్చు. నొప్పి వచ్చిన రోజు కిటికీలకు దుప్పట్లు కట్టడం, కొళాయి చుక్క చప్పుడు వినపడకుండా కింద గుడ్డ వేయడం, మా పిల్ల కాళ్ళపట్టీలు తనంతట తానే తీసి దాచేయడం, ఆయన గోడకు తల ఆనించి పళ్ళు కొరుక్కోవడం, అన్నీ చెప్పాను.

అంతా విని ఆ డాక్టరు, మరి ఆయన బాగున్నానని ఎందుకన్నాడమ్మా అని అడిగారు.

నాకు కన్నడం మరిచిపోయి తెలుగే వచ్చేసింది. "ఆయప్పకి మీరు అన్నీ నేర్పిచ్చినారు సార్. నొప్పి అని సెప్పేది మాత్రం నేర్పిచ్చలేదు."

ఆ డాక్టరుకు ఎంత అర్థమైందో తెలియదు. కలం కింద పెట్టి నా వైపు చూశారు, తర్వాత మా ఆయనను మళ్ళీ పిలిపించి, తలుపు వేయించి, చాలాసేపు మాట్లాడారు.

తిరుగు రైల్లో మా ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఇంట్లో సంగతులన్నీ ఆడ సెప్పేస్తివే" అన్నారు. అంతే, కుప్పం చేరేదాకా ముఖం నా వైపు తిప్పలేదు. పింఛను రాకపోగా ఈ మనిషి కూడా నాకు దూరమైపోయాడేమోనని ఇల్లు చేరినాక దిగులు రెండింతలైంది. నెలల తరబడి పోస్టుమేన్ సైకిలు గంట వింటే గుండె దడ, వినపడకపోతే ఇంకా దడ.

జబ్బుకు సర్వీసే కారణమని ఒప్పుకుని, పింఛను ఇస్తున్నామని చివరికి కబురు వచ్చిన రోజు ఆయన ఆ కాగితం మడిచి పెట్టెలో పెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఒక పొద్దున నేను బియ్యం కడుగుతుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, "ఏమే, వస్తాండాది" అన్నారు. ఎవరో చుట్టాలు వస్తున్నారనుకుని వీధివైపు చూశాను. ఆయన కణత మీద చెయ్యి పెట్టుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆ మాట. నేను చెయ్యి తుడుచుకుని వెళ్ళి గది చీకటి చేశాను. అప్పటి నుంచి ప్రతిసారీ చెప్పేవారు. వయసు మీదపడే కొద్దీ నొప్పి రావడం తగ్గింది, మదనపల్లెకు మారినాక దాదాపు మరిచిపోయాము, ఆ తర్వాత ఆయనే లేకుండా పోయారు.

ఇప్పుడు ఒక్క తలనొప్పికే వేరే డాక్టర్లున్నారు, మంచి మాత్రలున్నాయి, మగపిల్లలు కూడా నలుగురి ముందు నాకు ఇక్కడ నొప్పి అని సిగ్గుపడకుండా చెప్పుకుంటున్నారు. సంతోషమే. మా కాలంలో ఆ ఒక్క మాట నోట్లోంచి రావడానికి మాకు సగం కాపురం పట్టింది. ఈ మధ్య పొద్దున్నే నాకు మోకాళ్ళు పట్టేస్తున్నాయి. మా కూతురు స్కూల్లో పాఠాలు చెప్పడానికి అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. ఎవరికో చెప్పబోతున్నట్టు నోరు తెరుస్తాను, వినేవాళ్ళు ఎవరూ లేరని గుర్తొచ్చి, గోడ పట్టుకుని మెల్లగా లేస్తాను.